కూర సేటుది, కలుపు నాగయ్యది

పదేళ్లుగా సాంచె మీద, అంటే మరమగ్గం మీద, బతుకుతున్నా, సాంచె నడపడం ఒక పని అని నాగయ్య ఏనాడూ ఒప్పుకోలేదు. భివండిలో, కామత్‌ఘర్ సందుల్లో, అంకుశం సేట్ కార్ఖానా రేకుల కింద నిలబడి, చెవులు దిమ్మెక్కే చప్పుడులో తెగిన పోగు ముడేస్తూ, "ఇదేం పని, పేలు చూసుడు" అని గొణుక్కునేవాడు. ఒక్కోసారి పైకే అనేవాడు. ఆ చప్పుడులో ఎవరికీ వినబడేది కాదు కాబట్టి బతికిపోయాడు.

పని అంటే నేల మీద చేసేది. జగిత్యాల దిక్కు ఒక ఆసామి కూరగాయల తోటలో నాగయ్య చిన్ననాటి నుంచి జీతం ఉన్నాడు. నారు పోశాడు, మడి కట్టాడు, కాలువ మళ్లించాడు, కోతుల్ని కొట్టాడు. తనకంటూ సొరపాదు పెట్టుకునే జాగా కూడా లేదు. అయినా నేల ఎరిగినవాడినన్న గర్వం నూరెకరాల ఆసామికి కూడా ఉండనంత ఉండేది. ఆసామి బాయి ఎండి తోట పడావు పడ్డాక, భార్య ఐలవ్వను వెంటబెట్టుకొని భివండి బస్సెక్కాడు. ఇక్కడ అతని కంటికి ఆనిన మనిషి ఒక్కడూ లేడు. సాలోళ్లు దూది పీల్చి బతికేవాళ్లు, ఆ ఊరివాళ్లు భూములమ్ముకొని బతికేవాళ్లు. మనిషి లెక్క బతికేవాడు తానొక్కడే, వాడికీ ఖర్మకాలి ఈ పేలు చూసే పని.

కార్ఖానావాళ్లు మాత్రం తక్కువ తిన్నారా. నాగయ్య సాంచె నుంచి దిగిన గుడ్డలో ఎక్కడో ఒకచోట జల్లెడ పడేది. దాంతో ఆ వీధిలో ఏ కార్ఖానాలో గుడ్డ చెడినా దానికి "నాగయ్య గుడ్డ" అనే పేరు స్థిరపడింది. పిల్లలు కూడా చిరిగిన చెడ్డీని అలాగే అనేవారు.

అంకుశం సేట్ బాధ ఇంకొకటి. ఊళ్లో అతని తండ్రికి గుంటమగ్గం తవ్వుకున్నంత నేలే భూమి. ఎప్పుడో ఎండపూట ఒక రైతు ఒడ్డు మీద తువ్వాల పరుచుకొని కూర్చుంటే, "ఏయ్, లే, ఒడ్డు తెగుతది" అని లేపారట. ఆ మాట కొడుకు వెంట భివండి దాకా వచ్చింది. సాంచెలు పెరిగాయి, చేతివేళ్లకు ఉంగరాలు పెరిగాయి, మాట మాత్రం పోలేదు. భివండి పక్కనున్న కాల్హేర్‌లో వరిచేలన్నీ గోదాములుగా మారుతున్న రోజుల్లో, రోడ్డుకూ ఖాడీకీ నడుమ, అంటే సముద్రపు పాయకు కూతవేటు దూరంలో, అరెకరం కొన్నాడు. ధర వస్తే గోదాము వాళ్లకు అమ్మేదే. అంతవరకు నలుగురిలో "మా తోట" అనడానికి పనికొస్తుంది. ఆ తోటలో అప్పటికి ఉన్నవి తుమ్మచెట్లూ, లారీ డ్రైవర్లు పడేసిన సీసాలూ.

ఆ కార్తీకంలో తెలుగువాళ్ల సమాజం హాలులో శివరాత్రి ఏర్పాట్ల మాట వచ్చింది. జాగారం మర్నాడు పొద్దున ఒక్కపొద్దు విడిచే భోజనం ఏటా అందరూ కలిసి పెడతారు. అంకుశం సేట్ లేచి, "ఈసారి కూరగాయలన్ని మా తోటయే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టిన చేతుల్లో సగం, ఆ తోట చూడబోయి తుమ్మముళ్లు గుచ్చుకున్న చేతులే.

మర్నాడు సేట్ మనిషి కోసం వెతికాడు. కార్ఖానా అంతా ఒక్క గొంతుతో నాగయ్య పేరు చెప్పింది. అతనికి మేలు చేద్దామని కాదు, గుడ్డ బాగుపడుతుందని.

కార్ఖానా ముందరి చాయ్ హోటల్ బల్ల మీద సేట్ కూర్చున్నాడు. చుట్టూ షిఫ్టు అయిపోయి పాళి దిగిన మనుషులు నిలబడ్డారు.

"ఏంది నాగయ్యా, నీకు సాంచె రాదు గని ఎవుసం వస్తదంటగద."

"సాంచె రావాలని నేను కోరుకోలే సేట్. ఎవుసమంటవా, అది నాకు ఒకలు చెప్పే పని లేదు."

"గంత నమ్మకమా? అయితె ఇను. శివరాత్రికి హాలుకు కూరలు రావాలె. వస్తె ఇగ నువ్వు తోటల్నే ఉండు, సాంచె మొకం సూడకు. రాకుంటె రాత్రి పాళిల నిలబడాలె. మళ్ల ఎన్నడు ఎవుసమని నోరు లేవొద్దు."

సాంచె మొకం చూడకపోవడం. నాగయ్యకు ఆ మాట కోసమే పదేళ్లుగా బతుకుతున్నట్టు అనిపించింది. అయినా తగ్గితే లోకువవుతానని గడ్డం ఎత్తి, "మరి నా హిస్సా ఏంది?" అన్నాడు.

సేట్ చుట్టూ ఉన్నవాళ్లను చూసి నవ్వాడు. "హిస్సానా? కూర నాది, కలుపు నీది. పో."

హోటల్ హోటలంతా నవ్వింది. నూలు కండెల గంప నెత్తిన పెట్టుకొని అటుగా వచ్చిన ఐలవ్వ ఆగి, నవ్వులన్నీ అయిపోయేదాకా విని, పోయింది.

తోట మాత్రం లేచింది. అది ఒప్పుకోవాలి. ఐలవ్వా నాగయ్యా తుమ్మలు కొట్టారు, సీసాలు ఏరారు, మూలకున్న పాత బాయి పూడిక తీశారు. రేకుల గుడిసె వేసుకొని అక్కడే ఉన్నారు. టమాట, వంకాయ, గోకరకాయ, మెంతికూర, కొత్తిమీర. మార్గశిరం వెళ్లేసరికి టమాట పూత మీదుంది. పుష్యం చివర చలి విరిగి, మధ్యాహ్నం గాలి కాస్త వెచ్చబడేసరికి పిందెలు కనబడ్డాయి.

ప్రతి ఆదివారం సేట్ తెల్లబట్టల్లో ఆటో దిగి, నలుగురిని వెంటేసుకొని ఒడ్డు మీద నిలబడేవాడు. తండ్రిని లేపిన ఒడ్డు అదే అన్నట్టు బలంగా తొక్కేవాడు.

"వరుసలు గిట్ల వంకరున్నయేంది? సాంచె బీము మీద పోగులు ఎట్లుంటయో సూడలేదా ఎన్నడు?"

"పోగులు సచ్చినయి సేట్. ఇవి పానంతోనున్నయి. అటిటు కదుల్తయి."

సేట్ ఒక పిందె తెంపి అరచేతిలో పెట్టుకొని వెంటవచ్చినవాళ్లకు చూపించాడు. "మార్కెట్ల టమాట పిడికెడంత ఉంటది. మావోడు మేక పెంటికెలు కాయిస్తున్నడు." వాళ్లు నవ్వారు. నవ్వడానికే వచ్చారు.

మొక్క ఎదుగుతున్నదే, ఇంకో నెల ఓపిక పడితే సరిపోయేదే. కానీ నాగయ్య ఆ రాత్రి ఒకటే మాట తిప్పుకున్నాడు. పేలు చూసుకునేవాడు తన పిందెను మేక పెంటిక అన్నాడు. తెల్లారి లేచి ఖాడీ దిక్కు పోయినప్పుడు, ఆటుకు నీళ్లు వెనక్కి పోయి అడుగు బయటపడి ఉంది. నల్లటి ఒండ్రు. వెన్నలాగా నిగనిగలాడుతూ, కాలు పెడితే మోకాలి దాకా దిగబడేది. నాగయ్య నిలబడి చూస్తూ ఉండిపోయాడు.

ఊళ్లో మాఘం దాటి చెరువు అడుగంటిందంటే అందరికీ ఒకటే పని. బండ్లు కట్టుకొని చెరువుమట్టి తోలుకుపోవడం. ఆ నల్లమట్టి నాలుగు తట్టలు పడితే చవిటి మడి కూడా బంగారమయ్యేది. దాని కోసం ఆసాములు కొట్టుకునేవాళ్లు. ఇక్కడ ఇంత మట్టి పడి ఉంటే ఒక్కడికీ పట్టదు. వీళ్లకు నేల తెలియదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ పొద్దే తట్ట ఎత్తాడు.

"గా మట్టి సముద్రపు వాసనొస్తున్నది" అంది ఐలవ్వ.

"నీకు ముక్కు పెద్దగైంది. చెరువుమట్టికి కుళ్లు వాసన ఉండదా?"

"ఇంత నాలికె మీద పెట్టుకొని సూడు."

"మట్టి బుక్కుటానికి నేనేమన్న నెల తప్పిన ఆడిదాన్నా?"

పెళ్లయిన నాటి నుంచి ఐలవ్వకు తెలిసిన సంగతి ఒకటుంది. నాగయ్య ఏదైనా తప్పు మొదలుపెడితే దాన్ని పూర్తిగా చెయ్యనివ్వాలి. మధ్యలో ఆపితే అది జీవితాంతం ఒప్పుగానే మిగిలిపోతుంది.

పక్క జాగా దత్తుది. తాతల నాటి వరిచేను గోదాముకిచ్చి, మెడలో గొలుసూ కాళ్ల మధ్య మోటర్ సైకిలూ సంపాదించినవాడు. మట్టి మోస్తున్న నాగయ్యను చూసి బండి ఆపాడు.

"మామా, వో ఖారా మట్టీ హై. ఉప్పు, ఉప్పు. సబ్ మర్ జాయేగా." తెలుగువాళ్ల మధ్య తిరిగి ఉప్పు అన్న మాట నేర్చుకున్నాడు. అంతా చచ్చిపోతుందని, అర్థం కాలేదనడానికి వీల్లేకుండా చెప్పాడు.

"హమ్‌కో మాలూమ్ హై" అన్నాడు నాగయ్య తట్ట దించకుండానే, తనకు తెలుసని. దత్తు పోయాక ఐలవ్వతో అన్నాడు: "భూమి అమ్ముకొని బండి కొన్నోడు నాకు మట్టి గురించి చెప్తడా? పుక్కట్ల పట్కపోతున్ననని కడుపుమంట. నేను తోడుకుంటె వాని ఖాడీ ఏమన్న అరుగుతదా?"

దత్తు మళ్లీ చెప్పలేదు. అయితే ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం ఇద్దరు దోస్తులను తెచ్చుకొని, బండి మీద కూర్చొని, వేరుశెనగలు తింటూ నాగయ్య మట్టి మోయడం చూసేవాడు. ఊరివాళ్లకు వేరే తమాషా లేదు మరి.

ప్రతి మొదలుకూ తట్టెడు మట్టి పోసి, దాని సారం వేళ్లకు దిగాలని నాగయ్య బాయినీళ్లు పుష్కలంగా పెట్టాడు. దిగింది. ముందు ఆకుల అంచులు బీడీ నిప్పు తగిలినట్టు కమిలాయి. తర్వాత పూత రాలింది. మేక పెంటికలన్నారే, ఆ పిందెలు కూడా ముడుచుకొని రాలిపోయాయి. ఎండ ముదిరిందన్నాడు నాగయ్య. తర్వాత తెగులన్నాడు. తర్వాత సేట్ వెంట వచ్చినవాళ్ల దిష్టి అన్నాడు, పాత చెప్పు ఒకటి కర్రకు కట్టి మడి నడుమ పాతాడు. చెప్పు ఒక్కటే చెక్కు చెదరలేదు, మిగతావన్నీ ఎండిపోయాయి.

ఒక సాయంత్రం, దత్తు బండి ఇంకా రాకముందు, నాగయ్య మడిలో కూర్చొని అటూ ఇటూ చూసి, చిటికెడు మట్టి తీసి నోట్లో వేసుకున్నాడు.

గుడిసె ముందు కూర్చొని ఐలవ్వ చూస్తూనే ఉంది. "ఎట్లున్నది?" అని అడిగింది. "ఉప్పు సరిపోయిందా?"

నాగయ్య ఉమ్మేశాడు. ఆ రాత్రంతా అతని చెవుల్లో సాంచెలు కొట్టుకున్నాయి, ఇంత దూరం నుంచి.

ఎండిన మొక్కల నడుమ ఎర్రటి కాడలు నేల మీద పాకుతున్నాయని ముందు చూసింది ఐలవ్వే. బలిసిన చిన్న ఆకులు, వేలితో నలిపితే నీరు. గంగవాయిలి కూర, కొందరు గంగపావిలాకు అనేది. విత్తింది లేదు, పెట్టింది లేదు. ఆ ఉప్పుమట్టి దానికి చుట్టాలింటి భోజనంలా ఉంది. నాగయ్య కూర్చుని పీకడం మొదలుపెట్టాడు. తోట చచ్చినా, కలుపు కనబడితే చేతులు ఊరుకోవు. చిన్నప్పటి నుంచి పీకిన కలుపే అది. ఆసామి ఇంటి బర్రెలకు వేసేవాళ్లు.

"ఆగు. నా గంపల వెయ్యి" అంది ఐలవ్వ.

పప్పులో వేసింది. ఉప్పు డబ్బా ముట్టుకోలేదు. నాగయ్య ఒక ముద్ద తిని ఆగి, ఇంకో ముద్ద తిని, ఇది కూర కాదన్నట్టు ముఖం పెట్టి, గిన్నె ఊడ్చేశాడు.

మర్నాడు ఐలవ్వ గంప నెత్తిన పెట్టుకొని కామత్‌ఘర్ ఆటో ఎక్కింది. కండెలు మోసిన సందుల్లోనే కూర మోసింది. కట్టలు విప్పగానే ఆడవాళ్లు తలుపుల్లోంచి వచ్చారు. "అవ్వో, గంగవాయిల కూర. ఏడ దొరికిందే గిది?" అని ఒకామె ముక్కు దగ్గర పెట్టుకుంది. పెళ్లయి వచ్చాక చూడలేదంది. మరొకామె ఏం మాట్లాడకుండా నాలుగు కట్టలు ఒళ్లో వేసుకుంది. రెండో సందు చేరకముందే గంప ఖాళీ.

శివరాత్రి మర్నాడు హాలు ముందు టెంపో ఆగింది. టమాటలు, వంకాయలు, బెండకాయలు, క్యాబేజీ కూడా దిగాయి. "మా తోటయి" అన్నాడు అంకుశం సేట్, ఎండిన మడులు చూసినప్పటి నుంచి తోట దిక్కు పోనివాడు. కల్యాణ్ మార్కెట్ ముద్ర వేసిన ప్లాస్టిక్ పెట్టెలు అతని వెనుకే వరుసగా ఉన్నాయి. ఎవరూ నవ్వలేదు. జాగారపు కళ్లతో కూర్చొని విస్తళ్లలో వడ్డించుకున్నారు. "సేటు తోట క్యాబేజి మస్తున్నది" అన్నాడొకడు. "ఎరువులు లేని కూర రుచే ఏరు" అన్నాడు ఇంకొకడు, ఇంకాస్త వెయ్యమంటూ. మనవాళ్లు ముఖం మీద ఎవరినీ అవమానించరు. తినడం అయ్యాక, పాన్ డబ్బా దగ్గర, తీరిగ్గా అవమానిస్తారు.

సేట్ తల్లి చంద్రవ్వ హాలుకు రాలేదు. ఒక్కపొద్దు ఇంట్లోనే విడిచింది. కొడుకు వచ్చేసరికి పళ్లెం ముందేసుకొని కూర్చొని ఉంది.

"బిడ్డా, నీ తోట కూర గిట్లుంటదని నాకు చెప్పకపోతివి."

"ఏం కూరవ్వా?"

"గంగవాయిల పప్పు. మీ నాయన సచ్చినంక గిప్పుడె తిన్న. ఐలవ్వ తెచ్చిచ్చింది. ఉప్పు జర ఎక్కువేసింది కోడలనుకున్న, అసలు ఎయ్యనే లేదట." చంద్రవ్వ వేళ్లు నాకింది. "హాలుల పెట్టినయి తింటివి గద, గియి రెండు బుక్కలు తిను. మన నేలది."

అంకుశం సేట్ తిన్నాడు. తిని, చెయ్యి కడుక్కొని, అదే తెల్లబట్టల్లో కాల్హేర్ పోయాడు.

తోట అంతా ఎర్రకాడలతో నిండి ఉంది. చెప్పు కట్టిన కర్ర నడుమ నిలబడి ఉంది. ఐలవ్వ కట్టలు కడుతోంది. నాగయ్య గుడిసె వెనక్కి పోబోయి, ఆగి, నిలబడ్డాడు.

"తోట నాశనం చేసి, సందు సందుల కూర అమ్ముకుంటున్నరా?" అన్నాడు సేట్. "నువ్వు సోమవారం రాత్రి పాళికి రా. మాట మాటే. ఇగ గీ కూరంటవా, నా భూమిల పెరిగింది నాది. రేపటి సంది గంపలు మా ఇంటికి రావాలె."

నాగయ్య తల దించుకున్నాడు. ఐలవ్వ కట్ట ముడి బిగించి, పళ్లతో నార కొరికి అంది:

"కూర నాది, కలుపు నీది అన్నవ్ గద సేట్."

"అది నవ్వులాటకన్న."

"మేము నవ్వలే."

సేట్ ఆమెను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. కండెలు మోసే మనిషికి నోరుంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

"ఇది కలుపని ఎవలన్నరు? మా అవ్వ తిన్నది. కూరనే."

"కూరనేనా? అయితె సరే సేట్, కొంటపో. కాకుంటె హాలుల నలుగుర్ల చెప్పు. టమాట గాదు, క్యాబేజి గాదు, నా తోటల గంగవాయిల కూరొక్కటె మొలిసింది, అది నాది అని చెప్పు. అందరు ఇనంగ చెప్పు. గంపలు నేనే మోసుకొస్త మీ ఇంటికి."

గాలికి చెప్పు కర్రకు కొట్టుకుంది. ఆ హాలులో ఆ క్యాబేజీ ఇంకా ఎవరికీ అరిగి ఉండదు. సేట్‌కు తన తండ్రి లేచిన ఒడ్డు గుర్తొచ్చిందో లేదో తెలియదు గాని, నిలబడ్డ ఒడ్డు మీంచి కిందికి దిగాడు.

"గడ్డి గాసం" అన్నాడు. "తినుండ్రి. గోదాం గోడ లేచేదాక తినుండ్రి. గడ్డి తినెటోళ్లకు నా సాంచెలెందుకు." ఆటోవాడి మీద అరుస్తూ పోయాడు.

ఆటో చప్పుడు రోడ్డెక్కి లారీల్లో కలిసిపోయింది. నాగయ్య ఐలవ్వ మీద పడ్డాడు.

"ఆయనకు చెప్పుటానికి నువ్వెవలివి? చిన్నప్పటి సంది కలుపు పీకిన. గిప్పుడు కలుపమ్ముకోని బతుకుమంటవా? ఊరోళ్లు ఇంటె ఏమంటరు?"

"పో మరి" అంది ఐలవ్వ. "సోమవారం ఎంతో దూరం లేదు. పో, పేలు సూడు."

నాగయ్య పదేళ్లుగా అంటూ వచ్చిన మాట అది. తనకే తగులుతుందని అనుకోలేదు.

సాయంత్రం దత్తు బండి వచ్చింది. ఈసారి దోస్తులు లేరు, వేరుశెనగలు లేవు. వాళ్ల అమ్మ అడిగిందని, ఎటో చూస్తూ, రెండు కట్టలు కావాలన్నాడు. ఐలవ్వ కట్టలిచ్చి, "ఖారా హై" అంది. దత్తు కట్టలు బండికి తగిలించుకొని పోయాడు.

నాగయ్య గట్టు మీంచి లేచి బాయి దగ్గరికి నడిచాడు. నీళ్లు తోడి కాలువలోకి వదిలి, పారతో మడవ తిప్పాడు. నీళ్లు ఎర్రకాడల కిందికి పాకాయి. నీళ్ల వెంట అతనూ నడిచాడు, అక్కడొక పెడ్డ తొలగిస్తూ, ఇక్కడొక గట్టు ఒత్తుతూ. దేనికి నీళ్లు పెడుతున్నానన్నది మరిచిపోయినట్టున్నాడు. నడుము వంగిన తీరు ఆసామి తోటలో లాగానే ఉంది.

మూడో మడిలో, దట్టంగా పరుచుకున్న గంగవాయిలి కూర నడుమ, ఒక టమాట మొక్క బతికి ఉంది. ఎట్లా బతికిందో. జానెడెత్తు, రెండు పచ్చటి రెమ్మలు, కొసన ఒక పూవు.

నాగయ్య దాన్ని చూశాడు. వంగి, కలుపును పట్టినట్టు మొదలు దగ్గర పట్టి, వేళ్లతో సహా పీకి, మట్టి దులిపి, ఒడ్డు మీదికి విసిరేశాడు. తర్వాత నీళ్లు ముందుకు నడిపించాడు.